మచ్చ పడకముందే: మిరప కాయకుళ్ళు శిలీంధ్రం, దాని జీనోమ్



మాకు మొక్కల తెగుళ్ళ శాస్త్రం నేర్పిన మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి విషయం ఎంచుకోవడం నాకు కష్టం కాలేదు. మొక్కల తెగుళ్ళలో ఆయన ఎన్నింటి మీద పనిచేసినా మనసు పెట్టింది మిరప కాయకుళ్ళు మీదే. ఆయన తరం సూక్ష్మదర్శిని కింద చూసిన శిలీంధ్రాన్ని తర్వాతి తరం డీఎన్‌ఏ అక్షరాల్లో చదివింది. ఆ చదువు ఎంతదూరం వచ్చింది, మన పొలం గట్టు దాకా ఎందుకు రాలేదు అన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక శిలీంధ్రం జీనోమ్‌ను, అంటే దాని డీఎన్‌ఏ అంతటినీ, ఒకసారి చదివి భద్రపరిస్తే శాస్త్రానికి గొప్ప మేలు. రైతుకు మేలు జరగాలంటే మాత్రం మన ఊళ్ళ శిలీంధ్రాన్ని ఏటేటా చదువుతూనే ఉండాలి.

విద్యార్థుల కోసం తెగులు దగ్గర మొదలుపెడతాను. ఎర్రబడిన కాయ మీద మొదట సూదిమొనంత నీటిమచ్చ పడుతుంది. కొద్దిరోజుల్లో అది కాయ పొడవునా సాగి, కాస్త లోపలికి కుంగుతుంది. భూతద్దం పెట్టి చూడండి. మచ్చ మధ్యలో వలయాలు వలయాలుగా నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్కలో నిటారుగా లేచిన నల్లని రోమాలుంటాయి. మంచు బాగా కురిసిన ఉదయం చూస్తే ఆ రోమాల మధ్య లేత గులాబీ రంగు జిగురు ముద్ద కూడా దొరుకుతుంది. ఆ ముద్దలో ఉన్నవన్నీ కొడవలి ఆకారపు సిద్ధబీజాలు. వాన చినుకు పడి చిట్లినప్పుడు ఆ తుంపరతో పాటే పక్క కాయ మీదికి చేరతాయి. కాయను నిలువునా చీల్చితే లోపల గింజల చుట్టూ బూజు అల్లుకొని ఉంటుంది, కొన్ని గింజలు తుప్పురంగుకు తిరిగి ఉంటాయి. ఆ గింజను విత్తనానికి ఉంచుకుంటే మరుసటి ఏడు నారుమడిలోకి తెగులును మనమే చేర్చినట్టు. ఇదే శిలీంధ్రం లేత కొమ్మను చివరి నుంచి కిందికి ఎండబెట్టినప్పుడు కొమ్మఎండు అంటున్నాం.

కాయ కల్లంలో ఆరేసరికి మచ్చ పడినంత మేర ఎరుపు పోయి ఎండుగడ్డి రంగు వస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో అలాంటి కాయను తాలులో కలుపుతారు. తాలు అంతా ఈ తెగులు వల్లే రాదు. ఎండ దెబ్బ, నీటి ఎద్దడి, కల్లంలో వాన, అన్నీ తాలునే మిగులుస్తాయి. కానీ కోతకు ముందు ముసురు పట్టిన ఏడాది ఏ ఊరి కల్లానికి వెళ్ళినా తాలు ఏరే ఆడవాళ్ళ పక్కన ఉన్న గుట్టలో ఎక్కువ పాలు దీనిదే. ఎకరానికి లక్షల్లో పెట్టుబడి పెట్టిన రైతుకు మంచి కాయ ధరకీ తాలు ధరకీ మధ్య ఉన్న తేడాయే ఆ ఏటి బతుకు.

ఈ తెగులు మనకు కొత్తదేమీ కాదు. మిరపే మన నేల పంట కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ఓడల్లో పదహారో శతాబ్దంలో వచ్చింది. మిరప మీద ఈ కుళ్ళును 1890లో అమెరికాలోని న్యూజెర్సీలో బైరన్ హాల్‌స్టెడ్ మొదట నమోదు చేశారు. మన దగ్గరి శిలీంధ్రానికి 1913లో కోయంబత్తూరు మిరప నమూనా ఆధారంగా జర్మనీ శాస్త్రవేత్త సిడో పేరు పెట్టారు. 1931లో బట్లర్, బిస్బీ దాన్ని కొల్లెటోట్రైకమ్ కాప్సిసి అన్నారు. మా తరం విద్యార్థులందరం పరీక్షల్లో రాసింది ఆ పేరే. 2009లో అనేక జన్యువుల వరుసలు పోల్చి చూశాక, ఇది 1832 నాటికే అమెరికాలో వర్ణించిన కొల్లెటోట్రైకమ్ ట్రంకేటమ్ జాతిలోదేనని తేలింది. దీనితో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. మన మిరపను కుళ్ళబెడుతున్నదీ, వేరే దేశాల్లో సోయా చిక్కుడునూ ఇతర పప్పుజాతి పంటలనూ పట్టుకున్నదీ ఒకే జాతి. పసుపు ఆకుల మీద మచ్చలు తెప్పించేదాన్ని కూడా మన పుస్తకాలు ఈ కాప్సిసి పేరుతోనే చెబుతూ వచ్చాయి. మిరప తీసేసి మరొకటి వేసినంత మాత్రాన పొలం శుభ్రపడుతుందని ఇక నమ్మకంగా చెప్పలేం.

బట్లర్ పేరు వచ్చింది కాబట్టి ఒక్కమాట. ఐర్లండ్‌లో పుట్టిన ఆయన 1901లో మన దేశానికి వచ్చి, తర్వాత బిహార్‌లోని పూసా పరిశోధనా సంస్థలో పనిచేశారు. గోదావరి డెల్టా తాటిచెట్ల మొవ్వుకుళ్ళును దగ్గరుండి అధ్యయనం చేసింది కూడా ఆయనే. 1918లో వచ్చిన ఆయన పుస్తకం మన దేశంలో మొక్కల తెగుళ్ళ శాస్త్రానికి పునాది వేసింది. ఆ రోజుల్లో పూసాలో మొదలైన ఎండు నమూనాల భాండాగారం ఇప్పుడు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఉంది. కాగితం మడతల్లో దాచిన అలాంటి పాత ఆకుల విలువ ఎంతో 2013లో లోకానికి తెలిసింది. ఐర్లండ్ బంగాళాదుంప కరువు నాటి ఎండుటాకుల నుంచి డీఎన్‌ఏ తీసి, ఆ తెగులు తెచ్చిన జీవి వంశం ఏదో తేల్చారు. నూట అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ ఆకు సాక్ష్యం చెప్పిందంటే దాన్ని కోసినవాళ్ళు ఎప్పుడు, ఎక్కడ కోశారో రాసిపెట్టబట్టే.

ఇక అసలు విషయం. తడి కాయ మీద పడ్డ సిద్ధబీజం కొన్ని గంటల్లో మొలకెత్తి, చిన్న పీచు తీసి, దాని చివర ఒక గుండ్రటి నల్లని బుడిపె కడుతుంది. దాన్ని అప్రెసోరియం అంటారు. ఆ నలుపు మెలనిన్. వరి అగ్గితెగులు శిలీంధ్రంలో ఈ బుడిపె లోపలి పీడనం సుమారు 80 అట్మాస్ఫియర్ల దాకా పెరుగుతుందని కొలిచారు. మెలనిన్ పూత లేకపోతే ఆ ఒత్తిడి నిలవదు, ఆకును పొడుచుకొని లోపలికి పోలేదు. వరి రైతులకు బాగా తెలిసిన ట్రైసైక్లజోల్ మందు ఆపేది ఆ మెలనిన్ తయారీనే. మిరప శిలీంధ్రంలోనూ మెలనిన్ ఉంది కదా అని ఆ మందును మిరప మీద కొట్టమని మాత్రం నేను చెప్పడం లేదు. ఐరోపా దేశాలు ట్రైసైక్లజోల్ అవశేషాల పరిమితిని కిలోకు 0.01 మిల్లీగ్రాములకు దించాక 2018 నుంచి మన బాస్మతి ఎగుమతిదారులు ఎంత ఇబ్బంది పడ్డారో తెలిసిందే. సిఫారసు లేని మందు మిరపలో దొరికితే నష్టపోయేది యార్డులో కుప్ప పోసిన రైతే.

లోపలికి వెళ్ళాక ఈ శిలీంధ్రం ప్రవర్తన దాని చుట్టాల కంటే భిన్నం. కొల్లెటోట్రైకమ్ ప్రజాతిలో చాలా జాతులు మొదట బతికున్న కణంలోకే చొరబడి, కొంతకాలం దాన్ని చంపకుండా తింటాయి, తర్వాత చంపుతాయి. ట్రంకేటమ్ మిరపలో కణం లోపలికి పోదు. కాయ పైనున్న మైనపు పొర కింద, కణాల గోడల మందంలో పాకుతూ ఉంటుంది. ఆ దశలో కాయ చూడటానికి నిగనిగలాడుతూనే ఉంటుంది. తెగులు లేదనుకుంటాం. కాయ పండుబారి, లోపలి రసాయనాలు మారాక ఒక్కసారిగా గోడలు కరిగించి మచ్చగా బయటపడుతుంది. మచ్చ కనిపించాక పిచికారీకి పరిగెత్తే మన అలవాటు ఎందుకు అన్నిసార్లు ఫలించడం లేదో ఈ ఒక్క వాస్తవంతో అర్థమవుతుంది. మచ్చ పడేనాటికి యుద్ధంలో సగం అయిపోయింది.

ఆ చప్పుడు లేని దశలో అది ఏం చేస్తోంది? సూక్ష్మదర్శిని చూపించేది ఆకారాన్నే. పనిని చూపించాలంటే దాని జన్యువులు చదవాలి. ఆ పని మన హైదరాబాద్‌లోనే జరిగింది. డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అంటే నేర పరిశోధన ఒక్కటే గుర్తొచ్చే సీడీఎఫ్‌డీ (సెంటర్ ఫర్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్) సంస్థలో, భారతీయ మిరప నుంచి వేరుచేసిన కొల్లెటోట్రైకమ్ ట్రంకేటమ్ జీనోమ్‌ను చదివి 2017లో ప్రచురించారు. మన మసాలా పంట తెగులు మీద మన గడ్డ మీద జరిగిన ఈ పనికి తెలుగు పత్రికల్లో తగినంత చోటు దక్కలేదని నాకు ఇప్పటికీ బాధే.

జీనోమ్ చదవడమంటే ఏం చేస్తారో కాస్త దగ్గరగా చూపిస్తాను. బంగాళాదుంప సారం, డెక్స్‌ట్రోజ్ కలిపిన ద్రవంలో శిలీంధ్రాన్ని పెంచుతారు. కొద్దిరోజులకు అది దూదిలా అల్లుకుంటుంది. దాన్ని వడగట్టి, పింగాణీ కల్వంలో వేసి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని పోస్తే గాజులా పెళుసెక్కుతుంది. కరగనివ్వకుండా మెత్తని పిండిగా నూరాలి. ఆ తర్వాత డిటర్జెంట్ వంటి రసాయనంతో కణాల పొరలు కరిగించి, క్లోరోఫామ్‌తో ప్రోటీన్లు తోసేసి, చల్లటి ఆల్కహాల్ పోస్తే డీఎన్‌ఏ తెల్లని పోగులుగా తేలుతుంది. తేలాలి. ఈ జాతుల్లో జిగురూ మెలనిన్ నలుపూ దానితో కలిసి వచ్చి పోగు గోధుమరంగులో దిగితే యంత్రం సరిగా చదవదు, మళ్ళీ కడగాల్సిందే. యువ పరిశోధకుల నెలలు చాలావరకు ఇక్కడే ఖర్చవుతాయి. తెర మీద రంగురంగుల పటాలు చూసేవాళ్ళకు ఈ శ్రమ కనిపించదు.

యంత్రం ఈ డీఎన్‌ఏను మొదటి నుంచి చివరి దాకా ఒకేసారి చదవలేదు. పెద్దబాలశిక్ష ప్రతులు వంద తెచ్చి, అన్నింటినీ వేరువేరు చోట్ల చించి, ముక్కలన్నీ ఒకే గోతంలో కలిపేసి, ఒక ముక్క చివరి మాటలు ఇంకో ముక్క మొదటి మాటలతో ఎక్కడ కలుస్తాయో వెతుకుతూ మళ్ళీ ఒక పుస్తకం కూర్చడం ఎలాంటిదో, జీనోమ్ కూర్పు అలాంటిది. అవే వాక్యాలు పదేపదే వచ్చే పేజీల దగ్గర ఏ ముక్క ఎక్కడిదో తెలియక కూర్పు తెగిపోతుంది. శిలీంధ్రాల్లో రోగాన్ని కలిగించే జన్యువులు తరచు అలాంటి పునరుక్తుల పక్కనే ఉంటాయి. అందుకే ఇప్పుడు ఒక్కో ముక్కను వేల అక్షరాల పొడవున చదివే యంత్రాలు వాడుతున్నారు. ఆవజాతి మొక్కల మీది కొల్లెటోట్రైకమ్ హిగ్గిన్సియానమ్ మొదటి కూర్పు 2012లో తునకలుగానే వచ్చింది. పొడవాటి చదువులతో 2017లో దాని 12 క్రోమోజోములూ చివరి నుంచి చివరి దాకా చేతికొచ్చాయి.

మన మిరప శిలీంధ్రం జీనోమ్‌లో సుమారు అయిదున్నర కోట్ల అక్షరాలున్నాయి. జన్యువులు పదమూడు వేల పైచిలుకు. 1996లో చదివిన ఈస్ట్ జీనోమ్ కోటీ ఇరవై లక్షల అక్షరాలు. దానితో పోలిస్తే ఇది నాలుగు రెట్లకు పైనే. 2014లో చదివిన మిరప మొక్క జీనోమ్ దాదాపు 350 కోట్లు. పరిమాణంలో మిరప ముందు శిలీంధ్రం ఎంతో చిన్నది. అయితే రోగానికి పనికొచ్చే జన్యువుల సంపదలో మాత్రం, పోల్చి చూసిన శిలీంధ్రాల్లో ఫ్యుజేరియమ్ జాతుల తర్వాతి స్థానం దీనిదేనని హైదరాబాద్ బృందం తేల్చింది. కణం గోడలోని పెక్టిన్‌నూ సెల్యులోజ్‌నూ కరిగించే ఎంజైములు, ప్రోటీన్లను కోసే ఎంజైములు, విషపదార్థాల వంటి ప్రత్యేక రసాయనాలు తయారుచేసే జన్యువులు దీనిలో బాగా విస్తరించి ఉన్నాయి. గోడల మందంలో పాకే జీవికి గోడలు కరిగించే సరంజామా ఇంత ఉండటంలో ఆశ్చర్యం లేదు. నాకు ఆశ్చర్యం కలిగించేది అన్ని ఎంజైములు చేతిలో ఉండి కూడా మొదటి రోజుల్లో వాటిని బయటికి తీయకుండా ఆగడం. జన్యువు ఉండటం ఒక ఎత్తు, దాన్ని ఏ గంటలో తెరుస్తుందన్నది మరో ఎత్తు. ఆ గంటను పట్టుకోగలిగితే తెగులును మచ్చ పడకముందే ఆపే దారి దొరుకుతుంది.

మొక్క రక్షణను ఏమార్చే ఎఫెక్టర్లు అనే చిన్న ప్రోటీన్ల సంగతి కూడా చెప్పాలి. శిలీంధ్రం గోడలో కైటిన్ ఉంటుంది. ఆ కైటిన్ తునకలు తగలగానే మొక్క అప్రమత్తమై రక్షణ మొదలుపెడుతుంది. కొన్ని కొల్లెటోట్రైకమ్ జాతులు కైటిన్‌ను పట్టుకొనే ప్రోటీన్లను విడుదలచేసి, ఆ తునకలు మొక్క కంటపడకుండా కప్పేస్తాయని ప్రయోగాల్లో రుజువైంది. ట్రంకేటమ్ జీనోమ్‌లో ఎఫెక్టర్లుగా పనిచేయగలవని అంచనా వేసిన జన్యువుల జాబితా పెద్దదే. అంచనా అన్న మాటను విద్యార్థులు గట్టిగా పట్టుకోవాలి. కంప్యూటర్ ఒక జన్యువును చూసి, ఫలానా శిలీంధ్రంలోని ఫలానా జన్యువులా ఉంది కాబట్టి ఇదీ ఆ పనే చేస్తుందని రాస్తుంది. దాన్ని తీసేసి చూస్తే తెగులు ఆగిందా లేదా అని కాయ మీద పరీక్షించేవరకు అది జాబితాలో ఒక పేరు, అంతే. జీనోమ్ ప్రచురించిన రోజున పని పూర్తయిందనుకొనే ధోరణి మన ప్రయోగశాలల్లో పెరుగుతోంది. ఆ రోజున నిజానికి పని మొదలవుతుంది.

తీసేసి చూడటం అంటే ఎలా ఉంటుందో హిగ్గిన్సియానమ్ చెబుతుంది. దాని 12 క్రోమోజోముల్లో రెండు చాలా చిన్నవి. అందులో ఒకటి పోగొట్టుకున్న శిలీంధ్రం ప్రయోగశాల పళ్ళెంలో మామూలుగానే పెరిగింది. మొక్క మీద వేస్తే తెగులు తేలేకపోయింది. 2018లో వచ్చిన ఆ ఫలితం చదివాక, మన పశువులకు మేతగా వేసే స్టైలో మొక్క మీద ఆస్ట్రేలియాలో జరిగిన పాత పని మళ్ళీ గుర్తుకొచ్చింది. స్టైలో మీది కొల్లెటోట్రైకమ్‌లో రెండు రకాలు ఒకదానితో ఒకటి కలవవు. అయినా ఇరవై లక్షల అక్షరాలంత చిన్న క్రోమోజోమ్ ఒకటి ఒక రకం నుంచి మరో రకంలోకి దాటగలదని 1998లో చూపించారు. టమాటా ఎండుతెగులు ఫ్యుజేరియమ్‌లోనైతే అలా దాటిన క్రోమోజోములు, అప్పటిదాకా తెగులు తేలేని శిలీంధ్రానికి తెగులు తెచ్చే శక్తినిచ్చాయని 2010లో తేలింది. అంటే ఈ జీవులు లక్షణాలు సంపాదించుకోవడానికి తరాల తరబడి ఆగనక్కరలేదు. ఇవాళ చదివిన జీనోమ్ పదేళ్ళ తర్వాత మన పొలంలో అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏటేటా చదవాలని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

రెండో కారణం రైతుకు ఇంకా దగ్గరిది. కార్బెండజిమ్ మందు శిలీంధ్రంలో బీటా ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకొని కణవిభజన ఆపుతుంది. ఆ ప్రోటీన్‌లో 198వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే మందు పట్టు జారిపోతుంది. అజాక్సీస్ట్రోబిన్ వర్గం మందులది ఇలాంటి కథే. సైటోక్రోమ్ బి ప్రోటీన్‌లో 143వ స్థానంలో గ్లైసిన్ పోయి అలనిన్ వస్తే చాలు. డీఎన్‌ఏలో చూస్తే ఒక్క జి స్థానంలో సి వచ్చినట్టు. ఎన్నో పంటల శిలీంధ్రాల్లో ఈ మార్పులు దొరికాయి. తన పొలంలోని శిలీంధ్రంలో ఆ అక్షరం మారిందో లేదో తెలియని రైతు ఏం చేస్తున్నాడు? మొదటి పిచికారీ పనిచేయలేదని రెండోది కొడుతున్నాడు, మోతాదు పెంచుతున్నాడు, దుకాణంలో చెప్పిన మరో రెండు డబ్బాలు కలిపి కొడుతున్నాడు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూత రాల్చిన ఏడాది ఈ కలగూర పిచికారీలు ఎంత పెరిగాయో మీ అందరికీ గుర్తుంది. మారిన అక్షరాన్ని వెతకడానికి జీనోమ్ అంతా చదవక్కరలేదు. జీనోమ్ తెలిసింది కాబట్టి ఆ ఒక్క చోటినే పీసీఆర్ అనే పరీక్షతో తేలికగా చూడొచ్చు. ఒక మండలంలో ఫలానా మందు ఇక పనిచేయదని సీజన్ మొదలుకాకముందే చెప్పగలిగితే రైతుకు ఎన్ని పిచికారీలు మిగులుతాయో లెక్కవేసుకోండి.

మూడో కారణం, కాయకుళ్ళు తెచ్చేది ట్రంకేటమ్ ఒక్కటే కాదు. ఆసియా దేశాల మిరప మీద పదికి పైగా కొల్లెటోట్రైకమ్ జాతులు దొరికాయి. కొన్ని దేశాల్లో స్కోవిల్లై అనే జాతిది పైచేయి. మన దగ్గర సయామెన్స్ వంటివీ ఉన్నాయి. మచ్చ చూసి ఏది ఏదో చెప్పడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. తెగులును తట్టుకొనే రకాలు తయారుచేసేవాళ్ళకు ఇది ప్రాణాంతకమైన చిక్కు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం ద్వారా వెలుగులోకి వచ్చిన పీబీసీ 80, పీబీసీ 81, పీబీసీ 932 అనే వరుసల్లో మంచి నిరోధకత ఉంది. మొదటి రెండూ క్యాప్సికమ్ బకేటమ్ అనే వేరే జాతివి, మూడోది చైనెన్స్ జాతిది. బకేటమ్‌ను మన మిరపతో సంకరం చేస్తే గింజ నిలవడమే కష్టం. ఎంతో కష్టపడి ఆ నిరోధకతను మన తేజ రకంలోకో 334 రకంలోకో తెచ్చాక, అది ఒక శిలీంధ్ర జాతిని ఆపి ఇంకో జాతికి లొంగిపోతే పదేళ్ళ శ్రమ వృథా. ఏ జిల్లాలో ఏ జాతి ఎంత ఉందో తెలియకుండా నిరోధక రకం కోసం వెతకడం చీకట్లో రాయి వేయడమే.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఆర్ఎన్‌ఏ పిచికారీల మాట వినిపిస్తోంది. శిలీంధ్రం జన్యువును నోరు మూయించే ఆర్ఎన్‌ఏ ముక్కను కాయ మీద చల్లితే, శిలీంధ్రం దాన్ని పీల్చుకొని తానే దెబ్బతింటుందని ఆశ. బూడిదరంగు బూజు తెచ్చే బోట్రైటిస్ మీద అది ప్రయోగశాలలో బాగా పనిచేసింది. అయితే 2021లో పలు శిలీంధ్రాలను పోల్చి చూసినప్పుడు, కొల్లెటోట్రైకమ్ గ్లియోస్పోరియోయిడిస్ ఆ ఆర్ఎన్‌ఏను లోపలికి తీసుకోనేలేదు. మిరప శిలీంధ్రానికి ఇది చుట్టమే. కాబట్టి ఎవరైనా ఆర్ఎన్‌ఏ మందు సీసా తెచ్చి కాయకుళ్ళు మాయమవుతుందని చెబితే, ఏ జాతి మీద, ఏ పొలంలో, ఎన్ని సీజన్లు చూశారని అడగండి.

ఇలా ఊరూరా శిలీంధ్రాన్ని ఏటేటా చదవడం సాధ్యమా అని కొందరు అడుగుతారు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ దక్షిణ జిల్లాల్లో గోధుమ కంకులు అకస్మాత్తుగా తెల్లబారాయి. ఎనిమిది జిల్లాల్లో సుమారు 15,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి. ఆసియాలో అంతకుముందు ఆ తెగులు లేదు. అక్కడి శాస్త్రవేత్త తోఫజ్జల్ ఇస్లామ్ బృందం పొలాల నుంచి ఆకులు సేకరించింది, ఇంగ్లండ్‌లో సోఫియన్ కమూన్ బృందం కలిసి పనిచేసింది. శిలీంధ్రాన్ని వేరుచేసి పెంచే దాకా ఆగకుండా తెగులు పట్టిన ఆకులోని ఆర్ఎన్‌ఏనే నేరుగా చదివారు. వచ్చిన వరుసలను దాచుకోకుండా వెంటనే అందరికీ తెరిచిపెట్టారు. వారాల వ్యవధిలో అది దక్షిణ అమెరికా గోధుమ అగ్గితెగులు వంశమని తేలింది. 1985లో బ్రెజిల్‌లో మొదట కనిపించిన తెగులు అది. ఆ తర్వాత మన పశ్చిమ బెంగాల్‌లో సరిహద్దు ప్రాంతాల్లో గోధుమ వేయవద్దని ఆంక్షలు పెట్టారు. ఆపదలో ఉన్న చిన్న దేశం చేయగలిగిన పనిని, ప్రపంచానికి మిరప ఎగుమతి చేసే మనం మామూలు రోజుల్లో చేయలేమా? గుంటూరు లాం ఫారం పరిశోధనా కేంద్రం ఉంది, తెలంగాణలో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నాయి, హైదరాబాద్‌లో చదివే యంత్రాలున్నాయి. వీటి మధ్య నమూనా నడిచే దారి ఒక్కటే లేదు.

ఆ దారిలో మొదటి అడుగు యంత్రం కాదు, కాగితం. మాస్టారు తెగులు పట్టిన కాయను ఎన్నడూ ఉత్త చేత్తో ప్రయోగశాలకు తెచ్చేవారు కాదు. పాత పరీక్ష పేపర్లతో చేసిన కవరు ఒకటి జేబులో ఉండేది. కాయ అందులో వేసి, పొలం గట్టు మీదే కూర్చొని ఊరు, రకం, నాటిన నెల, అప్పటిదాకా కొట్టిన మందులు, చివరి వాన ఎప్పుడు పడింది అన్నీ పెన్సిల్‌తో రాసేవారు. పెన్సిల్ ఎందుకంటే తడిస్తే సిరా చెదురుతుంది. మేం పొలం నుంచి బయల్దేరాలని తొందరపడుతుంటే, "రాయనిది నాకివ్వకండి నాయనా, దానితో నాకు పని లేదు" అనేవారు. ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో ఇప్పుడు అంతర్జాతీయ డేటాబేసులు తెరిచినప్పుడల్లా తెలుస్తోంది. కోట్ల అక్షరాల వరుస పక్కన, సేకరించిన చోటు దగ్గర దేశం పేరు ఒక్కటే ఉంటుంది. ఏ జిల్లా, ఏ రకం, ఏ మందు కొట్టిన పొలం అన్నది ఉండదు. అలాంటి వరుస నుంచి ప్రకాశం జిల్లా రైతుకూ ఖమ్మం జిల్లా రైతుకూ ఇవ్వగలిగిన సలహా ఏమీ లేదు.

అందుకే ఈ వేదిక మీద నుంచి నేను కోరేది ఈ సీజన్‌లోనే మొదలుపెట్టగలిగిన పని. రైతు సోదరులు మచ్చ పడిన కాయను ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపవద్దు. చెమ్మకు వేరే బూజులు పెరిగి అసలుదాన్ని కప్పేస్తాయి. కాగితం కవరులో పెట్టండి. మచ్చ లేని, పండుబారుతున్న కాయలు కూడా అదే చెట్టు నుంచి నాలుగైదు కోసి వేరే కవరులో పెట్టండి. చప్పుడు లేని దశలో ఉన్న శిలీంధ్రం దొరికేది వాటిలోనే. కొట్టిన మందుల పేర్లు డబ్బా చూసి రాయండి, మోతాదు కూడా రాయండి, ఎక్కువ కొట్టామని మొహమాటపడి తగ్గించి రాయవద్దు. కృషి విజ్ఞాన కేంద్రాల వాళ్ళు ఆ కవర్లు తీసుకొని, కాయలోంచి శిలీంధ్రాన్ని వేరుచేసి, ప్రతి నమూనాలోనూ జాతి ఏదో, 143లోనూ 198లోనూ అక్షరం మారిందో లేదో చూడాలి. అందులో కొన్నింటిని ఎంచి పూర్తి జీనోమ్ చదవాలి. ఫలితం మళ్ళీ నారు పోసే జులై నాటికి మండలాల వారీగా తెలుగులో అచ్చయి రైతు చేతికి, మందుల దుకాణం గోడకు చేరాలి. ఇక్కడున్న విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురు ఈ పనికి పేరిస్తే, కవర్ల మీద ఏమేమి అడగాలో ఆ నమూనా పత్రం ఈ సాయంత్రమే కూర్చొని రాద్దాం.